హైదరాబాదు బజారులలో రెండు దినాలు

ఒక ఊరి మస్జిద్‌ను చూస్తే ఆ ఊరివారి భక్తి కనబడుతుంది. ఆ భక్తి ఎంత లోతుకు దిగినదో తెలియాలంటే ఆ ఊరి బజారును చూడాలి. నమాజులో వినయంగా కట్టుకున్న చేతులు తరాజు పట్టుకున్నప్పుడు ఏమి చేస్తున్నాయన్నది చిన్న ప్రశ్న కాదు. కనుకనే తూనికలు, కొలతలలో తగ్గించేవారి పేరుతో దివ్య ఖుర్ఆన్‌లో ఒక ప్రత్యేక సూరా, సూరతుల్ ముతఫ్ఫిఫీన్, ఉన్నది. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాకు విచ్చేసిన పిమ్మట మస్జిద్‌ను నిర్మించడంతో సరిపెట్టలేదు. ముస్లింల వ్యాపారానికి ఒక బహిరంగ స్థలాన్ని కూడా నిర్ణయించారనీ, అక్కడ సుంకం విధించరాదని ఆదేశించారనీ హదీసు, చరిత్ర గ్రంథాల ద్వారా తెలుస్తున్నది.

మద్రసాలో ప్రతి ఏటా క్రయవిక్రయాల అధ్యాయాన్ని, అంటే కితాబుల్ బుయూను, బోధించడం మా పని. గ్రంథంలోని మాటలను బజారు వీధిలో నిలబడి చూసే అవకాశం మాత్రం ఇటీవలనే కలిగినది. ఆ రెండు దినాలలో చూసినవి, విన్నవి పాఠకులతో పంచుకోవాలన్న తలంపుతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మాది కోయిలకుంట్ల. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరిన ఈ ఊరు అంతకు ముందు కర్నూలు జిల్లాలోనిది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాడిచేసిన ఖజానా ఈ ఊరిదే. 1847 ఫిబ్రవరి 22న కుంఫిణీ ప్రభుత్వం ఆయనను ఉరితీసినదీ ఈ ఊరి వద్దనే. కచేరీ, ఖజానా ఉన్నచోటికి చుట్టుపక్కల పల్లెల ప్రజలు రాకతప్పదు. వచ్చినవారు పని ముగించుకొని ఉప్పు, బట్ట, గాజులు, గిన్నెలు కొనుక్కొని పోయేవారు. మా బజారు అలా పెరిగినది. నల్లరేగడి పొలాలలో శనగ, జొన్న, ప్రత్తి పండితే బజారు కళకళలాడుతుంది. వాన ముఖం చాటేస్తే బజారు కూడా ముఖం వాడ్చుకుంటుంది. బంగారానికి ప్రొద్దుటూరు, పెండ్లి బట్టలకు నంద్యాల పోయే అలవాటు ఉన్నా, నిత్యావసరాలకు మావారు ఇప్పటిదాకా ఊరు దాటలేదు.

ఆ బజారులో మా తమ్మునికి గాజులు, ఫ్యాన్సీ సామాను, స్టీలు పాత్రల అంగడి ఉన్నది. తండ్రిగారి కాలం నాటిది. మూడేళ్లుగా బేరం తగ్గుతున్నది. పిల్లలు ఫోనులో బొమ్మ చూసి ఆర్డరు పెడుతున్నారు; వస్తువు ఇంటి గడపకే వచ్చి చేరుతున్నది. డిగ్రీ ముగించిన మా తమ్ముని కుమారుడు అంగడిని పడగొట్టి అద్దాల షోరూమ్‌గా కట్టాలని పట్టుబట్టాడు. దానికి 8 లక్షల రూపాయలు వడ్డీకి తేవాలి. తండ్రికి ఇష్టం లేదు, కుమారుడు వినడు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. చివరకు తమ్ముడు మా వద్దకు వచ్చి, "భాయ్, సరుకు కొనడానికి హైదరాబాదు పోతున్నాము. మీరు, వదినగారు కూడా రండి. వాడు చూపించాలనుకున్నది చూపించనీయండి, నేను చూపించవలసినది నేను చూపిస్తాను. తరువాత మీరు ఏది చెబితే అది" అన్నాడు.

నంద్యాల మీదుగా రాత్రి బస్సులో బయలుదేరి, ఫజ్ర్ వేళకు మూసీ నది మధ్యనున్న మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగాము. అక్కడి నుండి అఫ్జల్‌గంజ్, బేగంబజార్ నడిచి పోదగిన దూరం. నిజాం అలీ ఖాన్ బేగం అయిన హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసినందున బేగంబజార్‌కు ఆ పేరు వచ్చినదంటారు. తెలుగు జిల్లాల చిన్న అంగళ్లలో ఎన్నింటికో సరుకు పోయేది ఈ ఇరుకు సందులనుండే. ఇత్తడి, రాగి, స్టీలు, ప్లాస్టిక్, కిరాణా, ఎండు ఫలాలు, ఆటబొమ్మలు దేనికి దానికి ఒక సందు. గాజులు డజన్లలో కాదు, పెట్టెలలో లెక్క. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని కొలతలు పలుకుతూ తమ్ముడు రెండు గంటలలో సరుకు ముగించాడు. తండ్రిగారి కాలం నుండి పరిచయమున్న వర్తకుడొకరు సగం సొమ్ము తీసుకొని, మిగిలినది శనగలు అమ్ముడుపోయాక పంపమన్నారు. కాగితం లేదు, జామీను లేదు, రూపాయి వడ్డీ లేదు. తమ్ముడు కుమారుని వైపు చూశాడు, ఏమీ అనలేదు.

నయాపుల్ దాటి పత్తర్‌గట్టీ చేరాము. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచివేసిన తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఈ ప్రాంతాన్ని తిరిగి తీర్చిదిద్దినది. రాతి కమానుల వరుస, క్రింద అంగళ్లు, పైన నివాసాలు, ముందు నడిచేవారికి నీడ. కొనడానికి వచ్చినవాడు ఎండలో మాడకూడదు, వానలో తడవకూడదు అన్న ఆలోచన ఆ రాళ్లలో ఉన్నది. నేడు 'మాల్' అనే కట్టడాలలో మనం మెచ్చుకొనే సౌకర్యం మన పెద్దలు వందేళ్ల క్రితమే యోచించినదే. అదే నిజాం కాలంలో, 1935లో, రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్ కూడా అట్టిదే. శిథిలమవుతున్న ఆ కట్టడాన్ని మరమ్మతు చేసి 2020లో తిరిగి తెరిచారు.

పత్తర్‌గట్టీలో షేర్వానీలు, అత్తరు, గ్రంథాలు, ముత్యాలు చూశాము. సముద్రం ఎరుగని ఊరు ముత్యాల నగరమెలా అయినదని మా తమ్ముని కుమారుడు అడిగాడు. ముత్యం గల్ఫ్ సముద్రానిది. దానిని ఎంచే కన్ను, తొలిచే చేయి, కొనే దర్బారు ఇక్కడివి. సరుకు పుట్టినచోటనే బజారు పుట్టాలన్న నియమం లేదు; పనితనం, నమ్మకం ఉన్నచోటికి సరుకు తానే నడిచి వస్తుంది.

మక్కా మస్జిద్‌లో జుహ్ర్ నమాజు చేశాము. 1617లో మొదలైన ఈ మస్జిద్ నిర్మాణం 1694లో పూర్తయినది. 1591 నాటి చార్మినార్‌కు పడమటగా లాడ్‌బజార్ సాగుతుంది. ఈ సందులోని లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక పనివాడు నిప్పుల సెగపై లక్కను మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, వలయంగా త్రిప్పి, ఒక్కొక్క రాయిని వేడిమీద అద్దుతుంటే చూస్తూ నిలబడిపోయాము. వేలి చివరలు కాయలు కాచి ఉన్నాయి. ఒక జత గాజులకు ఎంతసేపు పడుతుందని అడిగితే నవ్వి, "రాళ్లు లెక్కపెట్టండి సాబ్, సేపు తెలుస్తుంది" అన్నాడు.

అదే సందులో మరొక అనుభవం. ఒక అంగడిలో మా ఇంటివారు ఒక జత గాజుల ధర అడిగితే 1,200 రూపాయలన్నారు. వద్దని కదలబోతే 900, మెట్టు దిగితే 600, నాలుగడుగులు వేస్తే 400. మా ఇంటివారు కొనలేదు. "నాలుగు వందలకే ఇవ్వగలిగినవాడు పన్నెండు వందలు చెప్పినది నన్ను చూసి కదా! బేరమాడే నోరు లేని పేదరాలు వస్తే ఆమె గతి ఏమిటి?" అన్నారు. బేరం ధర్మసమ్మతమే. అయితే ధర ఎరుగక, అమ్మేవానిని నమ్మి, అడిగినంతా ఇచ్చే కొనుగోలుదారుని ఫిఖహ్ పండితులు 'ముస్తర్సిల్' అంటారు. అట్టివానిని అన్యాయమైన ధరతో ముంచడం ద్రోహమని వారు ఎంచారు. పసిబిడ్డ, పరదేశి, చదువురాని ముసలమ్మ, వీరందరూ ముస్తర్సిల్‌లే.

"బడే అబ్బా, నేను చెప్పేది ఇదే" అన్నాడు మా తమ్ముని కుమారుడు. "రేపు రాయదుర్గం వెళ్దాము."

మరునాడు మెట్రో రైలులో అమీర్‌పేట వద్ద మారి రాయదుర్గం చేరాము. స్టేషనుకు చేరువలోనే నీలం, పసుపు రంగుల ఐకియా దుకాణం ఉన్నది. ఇంగ్వార్ కాంప్రాడ్ అనే స్వీడన్ యువకుడు 1943లో, 17 ఏళ్ల వయసులో, ప్రారంభించిన సంస్థ ఇది. భారతదేశంలో దాని మొదటి దుకాణం 2018 ఆగస్టు 9న ఈ హైదరాబాదులోనే తెరుచుకున్నది. దాదాపు 13 ఎకరాల స్థలం, 4 లక్షల చదరపు అడుగుల కట్టడం, వెయ్యి మంది కూర్చుని తినదగిన భోజనశాల. ఐరోపా నగరాల కొత్త తరహా అంగడిని చూడాలంటే నేడు మనవారికి వీసా అక్కరలేదు, మెట్రో టికెట్టు చాలు.

లోపల వస్తువులను కుప్పలుగా పెట్టలేదు. గదులుగా అమర్చారు. ఇది వంటగది, ఇది పిల్లల గది, ఇది చిన్న ఇంటిలో నలుగురు కాపురముండే విధానం అన్నట్లు చూపుతారు. నేలమీది బాణపు గుర్తుల వెంట నడిస్తే గది తరువాత గది వస్తుంది. ప్రతి వస్తువుకూ ధర చీటీ, కొలతలు, దేనితో చేసినదన్న వివరం ఉన్నాయి. కొలుచుకోవడానికి కాగితపు టేపు, వ్రాసుకోవడానికి చిన్న పెన్సిలు పెట్టారు. బల్లలు, అలమారాలు విడి భాగాలుగా, పలుచని అట్టపెట్టెలలో ఉంటాయి. కొన్నవారు ఇంటికి తీసుకుపోయి తామే బిగించుకోవాలి. గాలిని మోయని పెట్టెలకు లారీలో చోటు తక్కువ పడుతుంది, కూలి తగ్గుతుంది, ఆ మేరకు ధర తగ్గుతుంది. వాడని వస్తువును రసీదుతో గడువులోగా తిరిగి ఇవ్వవచ్చును. ఎవరూ వెంటబడరు, ఎవరూ పిలవరు.

మా ఇంటివారు ఒక గదిలో చాలాసేపు నిలబడి, "అన్నీ ఉన్నాయి. దస్తర్‌ఖాన్ పరచి పదిమంది కూర్చునే చోటు మాత్రం కనబడలేదు" అన్నారు. అది తప్పుపట్టడం కాదు, గమనింపు. ప్రతి అంగడీ వస్తువులతోపాటు ఒక జీవన విధానాన్ని కూడా చూపుతుంది. మనకు పనికివచ్చేది ఏదో, రానిది ఏదో ఎంచుకొనే బాధ్యత మనదే. చక్కగా అమర్చిన గది నడుమ నిలబడితే, లేని అవసరం కూడా ఉన్నట్లు తోస్తుంది. మేము నాలుగు వస్తువులు చీటీ మీద వ్రాసుకొని లోపలికి పోయాము. మా సంచిలోకి పదకొండు వచ్చి చేరాయి. డబ్బు కట్టే చోటికి రాకముందే ఒక ప్రక్కన నిలబడి, చీటీతో సరిచూసుకొని, ఏడింటిని తిరిగి వాటి స్థానాలలో పెట్టివచ్చాము. దుబారా నుండి కాపాడుకోవడానికి ఇంటి గడప దాటకముందే వ్రాసుకున్న చిన్న చీటీ చాలా మేలు చేస్తుంది.

తిరుగు ప్రయాణంలో తమ్ముని కుమారుడు తన వాదన మొదలుపెట్టాడు. నిశ్చిత ధర, వస్తువును వాపసు తీసుకోవడం, ఇవన్నీ తెల్లవారి తెలివి అన్నాడు. మేము అతనికి రెండు సంగతులు చెప్పాము.

మొదటిది, ఐరోపాలోనూ ఇది పురాతనమైనది కాదు. పారిస్ నగరంలోని బాన్ మార్షే అనే అంగడిలో 1852లో భాగస్వామిగా చేరిన అరిస్టీడ్ బూసికో ధర చీటీ, వాపసు, ఎవరైనా లోపలికి వచ్చి ఊరక చూసిపోయే స్వేచ్ఛ అన్న పద్ధతులను పెద్ద ఎత్తున నడిపి ప్రసిద్ధి చెందాడు. అంతకు ముందు అక్కడ కూడా ఎక్కువగా బేరమే. ఐరోపా గడపనున్న ఇస్తాంబుల్‌లో అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే, 1453 తరువాత, సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ కప్పుగల పెద్ద బజారుకు పునాది వేశాడు. దాని అద్దెల ఆదాయం అయాసోఫియా వక్ఫ్‌కు చేరేది. అంగడి అద్దె ధర్మకార్యానికి పోవడం కూడా ఒక కొత్త తరహా వ్యాపారమే కదా!

రెండవది, వాపసు అన్నది మనకు పరాయి మాట కాదు. కొన్నవాడు పశ్చాత్తాపపడి వస్తువును తిరిగి తెస్తే, అమ్మినవాడు మంచి మనసుతో స్వీకరించడాన్ని 'ఇఖాలా' అంటారు. అలా చేసేవాని పొరపాట్లను ప్రళయదినాన అల్లాహ్ మన్నిస్తాడన్న శుభవార్త హదీసులో ఉన్నది. లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు 'ఖియారుల్ ఐబ్'. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత వద్దనే హక్కు 'ఖియారుర్రూయత్'. పన్నెండవ శతాబ్దపు మర్గీనానీ పండితుని హిదాయా గ్రంథంలో వీటికి ప్రత్యేక ప్రకరణాలున్నాయి. మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని పట్టుకొని, ఆ తడి గింజలను అందరికీ కనబడేట్లు పైన ఎందుకు ఉంచలేదని వర్తకుని మందలించిన సంఘటన మనకు తెలిసినదే. ధర చీటీ మీద లోపం కూడా వ్రాయమన్నదే దాని సారం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వర్తకులు. లోపమున్న బట్టను ఆ సంగతి చెప్పకుండానే భాగస్వామి అమ్మివేయగా, వచ్చిన సొమ్మునంతా దానం చేశారని జీవిత చరిత్రకారులు పేర్కొన్నారు.

"అయితే ఇవన్నీ మన అంగడిలో ఎందుకు లేవు బడే అబ్బా?" అని అడిగాడతడు. బస్సులో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత తమ్ముడే, "ధర చీటీ అంటించడానికి ఎనిమిది లక్షలు అక్కరలేదు బేటా" అన్నాడు.

మూడు దినాలు మాట్లాడుకొన్నాక ఒక మాట కుదిరినది. వడ్డీ అప్పు వద్దు. అరువు సొమ్ము బరువు చేటు అన్నది మన పెద్దల సామెత; అందులో వడ్డీ కలిస్తే బరువు భూమిమీదనే ఆగదు. అంగడిని పడగొట్టలేదు. ఊరి వడ్రంగి చేత, ఉన్న సొమ్ముతో, అరలు కొట్టించారు. గాజులు కొలతల వారీగా, పాత్రలు వంటింటి వరుసగా అమర్చారు. ప్రతి వస్తువుకు చీటీ అంటించారు. సొట్ట ఉన్న పాత్రకు సొట్ట ఉన్నదని వ్రాసి ధర తగ్గించారు. వాడని వస్తువు వారంలోపు తెస్తే మాట్లాడకుండా తీసుకుంటామని తలుపు ప్రక్కన పలక కట్టారు. పల్లెల రైతు కుటుంబాల ఖాతా పుస్తకం అలాగే ఉన్నది: నేటి ధరే పంట వచ్చిన నాటి ధర, ఆలస్యానికి అదనం లేదు. ఈ ఒక్క సౌకర్యం ఫోనులో బొమ్మ చూపించే అంగడి కోయిలకుంట్ల రైతుకు ఇవ్వలేదని తమ్ముని ధీమా.

లాభం రెట్టింపయినదని వ్రాయము, ఎందుకంటే కాలేదు. బేరమాడే అలవాటున్నవారు కొందరు చీటీ చూసి నొచ్చుకొని ప్రక్క అంగడికి పోయారు. ఫోనులో కొనేవారు ఇంకా కొంటూనే ఉన్నారు. తమ్ముని కుమారునికి షోరూమ్ కోరిక పూర్తిగా తీరలేదు. రెండు పంటలు చూద్దామని ఒప్పుకున్నాడు, అంతే. కాని తండ్రీకొడుకులు ఇప్పుడు ఒకే గల్లా దగ్గర కూర్చుంటున్నారు. ఇంట్లో మాటలు తిరిగి వచ్చాయి.

సోదర సోదరీమణులారా! అంగడి నడిపేవారు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు. కాలం మారినదని దిగులుపడి వడ్డీ ఊబిలో దిగే ముందు, ఖర్చు లేని మార్పులు ఏవి మిగిలి ఉన్నాయో ఒకసారి లెక్కించండి. నిజమైన ధర, దాచని లోపం, మంచి మనసుతో వాపసు, పేదవానికి గడువు అనే ఈ నాలుగింటికి అద్దాల గోడలు అవసరం లేదు. కొనేవారమైన మనకు కూడా ఒక బాధ్యత ఉన్నది. ఊరి వర్తకుని వద్ద అరువు పెట్టి, నగదు సొమ్మును ఫోనులోని అంగడికి పంపడం న్యాయమా అని ఆలోచించండి. ఖాతాలో మన పేరు ఎదుట బాకీ ఉంటే, పంట ఇంటికి చేరిన వారంలోనే వెళ్ళి తీర్చివేయండి. వర్తకుడు గడువు ఇచ్చినది మన మాట మీదనే.

మొన్న గురువారం మేము అంగడిలో ఉండగా ఒక పల్లె ముసలమ్మ స్టీలు బిందె వెనక్కు తెచ్చి, కోడలికి బరువవుతుందని మొగమాటపడుతూ చెప్పినది. తమ్ముని కుమారుడు బిందెను ఒకసారి త్రిప్పి చూసి, డబ్బు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ డబ్బును రెండుసార్లు లెక్కించుకొని, కొంగున ముడివేసుకొని, చిన్న బిందె ధర చీటీ చదివిపెట్టమని అడిగినది.